నాన్న పద్ధతి

వాసిల్కో, సస్కాచెవాన్
జనవరి 19

గెయిల్,

ఫోన్ చేస్తే నీకు వినపడదు. నట్లు విప్పే గన్ను చెవి పక్కన పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు షెడ్డు నడిపితే ఎవరికైనా అంతే. అందుకని ఉత్తరం.

నేను కారు కొన్నాను. నవ్వడం అయ్యాక కింది వాక్యం చదువు. పళ్ళ డాక్టరు వాడి వదిలేసిన పెద్ద ఎస్‌యూవీ. తోలు సీట్లు, పైన అద్దం కప్పు, చక్రాల దగ్గర స్ప్రింగుల బదులు గాలి సంచులు. నలభై ఏళ్ళు తుప్పు పట్టిన చిన్న బండిలో తిరిగి గోధుమ ధరలు, మునిసిపల్ తీర్మానాలు రాసిన మనిషికి ఇదంతా ఎందుకని నువ్వు అడుగుతావు. సీటు దానంతట అదే వేడెక్కుతుంది. నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.

బయట మైనస్ ముప్ఫై ఏడు. సాయంత్రం నిలబెట్టిన బండి పొద్దున్నకి కుడి ముందు కాలు మీద మోకరిల్లి ఉంటుంది. చర్చిలో నేను ఏనాడూ చెయ్యని పని అది నా వాకిట్లో రోజూ చేస్తోంది. స్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలకు మెల్లగా లేస్తుంది. తెర మీద రోజుకో హెచ్చరిక. నిన్న, నిపుణుణ్ణి సంప్రదించండి అంది. సంప్రదిస్తున్నాను.

మంగళవారం, రాత్రంతా ఇంజన్ వెచ్చబెట్టే కరెంటు తీగ బండి నుంచి పీకకుండా కౌన్సిల్ సమావేశానికి వెళ్ళాను. పద్దెనిమిది అడుగుల తీగ నా వెనకే వచ్చింది. రిటైరైనా పేపరుకు వారం వారం కాలమ్ రాస్తున్నాను కాబట్టి సభ్యులు ఏడుగురూ నన్ను చూసి గౌరవంగా లేచి నిలబడ్డారు. కిటికీలోంచి తీగ చూడడానికి లేచారని తర్వాత తెలిసింది.

ఇంకొకటి. ఎంత దూరం నడిపినా ఇంజన్ సరిగా వేడెక్కేది కాదు, లోపలికి గోరువెచ్చని గాలే వచ్చేది. దానికి మా నాన్న పద్ధతి ఒకటుంది. అది చేశాను, కుదిరింది. ఏం చేశానో చెప్పను. నవ్వుతావు.

ఒరెస్ట్


నానైమో, బ్రిటిష్ కొలంబియా
ఫిబ్రవరి 3

ఒరెస్టూ,

నవ్వడం అయింది. రెండు రోజులు పట్టింది. ఇక్కడ వాన పడుతోంది, మైనస్ అన్న మాట ఈ ఊళ్ళో బ్యాంకులో తప్ప వినపడదు.

బండి మోకరిల్లడం భక్తి కాదు. కుడి ముందు గాలి సంచికి సన్న పగులు ఉండి ఉంటుంది. చలికి రబ్బరు బిగుసుకుంటే అక్కణ్ణించి గాలి పోతుంది. అలాగే వదిలేస్తే దాన్ని నింపే పంపు రోజంతా ఆడి ఆడి కాలిపోతుంది. అప్పుడు నాలుగు కాళ్ళూ మడుస్తుంది. ముందే మార్పించు.

ఆయిల్ విషయంలో నీ తెలివి వాడకు. పుస్తకంలో ఏ రకం రాసి ఉంటే అదే. తెర మీద ఇంకా చాలా దూరం ఉంది అని చూపించినా ఎనిమిది వేల కిలోమీటర్లకు మార్పించు. ఆ లెక్క వెచ్చని దేశంలో కూర్చుని వేసింది. బ్రేకు ఆయిల్ రెండేళ్ళకొకసారి. అద్దం కప్పుకు నాలుగు మూలలా నీళ్ళు పోయే సన్న గొట్టాలుంటాయి. వసంతంలో అవి ఊదించకపోతే మంచు కరిగి నీ ఒళ్ళోకి వస్తుంది. బ్యాటరీ సీటు కింద ఉంటుంది. అదేదో దాచినట్టు ఎందుకు పెట్టారని నన్నడక్కు.

ఇవన్నీ డార్సీ చేత చేయించు. యార్క్‌టన్ షోరూముకు పోకు. నా దగ్గర పదకొండేళ్ళు పని చేశాడు, చెయ్యి మంచిది. కానీ షెడ్డు అతని పేరు మీదికి మారి ఏడాదే అయింది. జనం ఇంకా కౌంటరు దగ్గరికొచ్చి, గెయిల్ లేదా అనడుగుతున్నారట. ఇప్పుడు ఎవరైనా ఒక చెడ్డ మాట అంటే అతను నిలదొక్కుకోలేడు. స్కూలు బస్సుల పని ఉంది కాబట్టి చలికాలం గడుస్తోంది. అది పోతే షెడ్డు మూతే.

ఇంతకీ ఏమిటా నాన్న పద్ధతి? మేయరు ఇలా ‘ఒక పద్ధతి ప్రకారం చేశాం’ అంటే నువ్వు ఊరుకునేవాడివా?

గెయిల్


వాసిల్కో
మే 26

గెయిల్,

చెప్పినవన్నీ చేయించాను. గాలి సంచి మారింది, బండి నాస్తికురాలైంది. ఆయిల్ మారింది. అద్దం కప్పు గొట్టాలు మాత్రం వసంతంలో కాదు, వసంతం నా ఒళ్ళోకి వచ్చాక ఊదించాను. ప్యాంటు ఆరడానికి వేడి సీటు పనికొచ్చింది. అంత డబ్బు పెట్టి కొన్నదానికి మొదటి ఉపయోగం.

ఇప్పుడు తిరగబడింది. చలికాలంలో వేడెక్కనని మొండికేసిన ఇంజన్ మే నెలలో చల్లబడనంటోంది. వేడి చూపే ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. ఏసీ వేస్తే నోటితో ఊదినట్టుంది. డార్సీ చూసి, ఇంజన్ నీళ్ళను ఆపి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది, చలికాలంలో ఇంజన్ వేడెక్కకపోవడానికి అదే కారణం అని మార్చాడు. ముల్లు దిగలేదు. నీళ్ళ పంపు దగ్గర తడి కనిపించిందని పంపు మార్చాడు. కూలెంట్ అంతా తీసి కొత్తది పోశాడు. దిగలేదు.

నిన్న ఏమన్నాడో విను.

“ఒరెస్ట్ గారూ, ముందు భాగం మొత్తం విప్పి చూడాలండి. ఈ బండికి బంపర్ ఊడదీస్తే గాని రేడియేటర్ కనపడదు. సగం రోజు పని.”

“ఇంకేం విప్పుతావు నాయనా? టైర్లు, నేనూ తప్ప అన్నీ విప్పావు.”

“విప్పకుండా నేను చెప్పలేనండి.”

“అంటే తెలియదన్నమాట.”

“తెలియదు. అందుకే విప్పుతానంటున్నాను.”

వద్దన్నాను. ఏమీ తెలియని అధికారి ముందుగా అడిగేది ఇంకొంచెం సమయం. నలభై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను.

ఒరెస్ట్


నానైమో
జూన్ 8

ఒరెస్టూ,

తెలియదు అన్నవాణ్ణి నమ్ము. తెలుసంటూ మూడో పంపు మార్చేవాణ్ణి చూసి భయపడు. విప్పనివ్వు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని నీలాంటి వాళ్ళే పుట్టించారు. అదే సగం రోజు పని యార్క్‌టన్‌లో తెల్ల కోటు వేసుకున్నవాడు అడిగితే కాఫీ తాగుతూ కూర్చుంటావు.

నాన్న పద్ధతి ఏమిటో రెండోసారి అడుగుతున్నాను.

గెయిల్


వాసిల్కో
జూలై 5

గెయిల్,

నాన్న పద్ధతి చలికాలపు సంగతి. చలికాలం అయిపోయింది. దాన్ని వదిలెయ్యి. ఇక్కడ అంతకంటే పెద్ద వార్త ఉంది.

జూలై ఒకటి కెనడా డే ఊరేగింపుకు నా బండి అడిగారు. పౌలీన్ రెవ్నియాక్ అవ్వకు నూటొక్క ఏళ్ళు. ఊళ్ళో అందరికంటే పెద్దావిడ, ముందు బండిలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాలి. అద్దం కప్పు తెరిచాను. ముప్ఫై నాలుగు డిగ్రీల ఎండ, మనిషి నడకంత వేగం, వెనక స్కూలు బ్యాండు. సరిగ్గా జడ్జీల వేదిక ముందు ముల్లు ఎర్ర గీత దాటింది. ముందు నుంచి ఆవిరి లేచింది. జనం అది ఊరేగింపులో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

అవ్వ నా భుజం తట్టింది.

“ఏమైందిరా అబ్బాయ్?”

“వేడెక్కిందమ్మా.”

“మా ఆయన ట్రాక్టరూ ఇంతే. నేను దిగుతా. నువ్వు వచ్చినప్పుడు రా.”

దిగి, చేతికర్ర పట్టుకుని, బ్యాండుకు ముందు నడిచి మైదానం చేరింది. నన్ను డార్సీ లారీకి కట్టి లాక్కెళ్ళాడు. మొదటి బహుమతి అవ్వ కర్రకు ఇచ్చారు.

మర్నాడు డార్సీ బండి నా వాకిట్లోకి తెచ్చాడు. “ఒరెస్ట్ గారూ, ఒక్క మాట” అన్నాడు. “ఆ మాట బుధవారం పేపర్లో నేను చెబుతాను” అని తలుపు వేశాను. మంచి వాక్యం అనిపించింది.

కాలమ్ ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. ఎవరి పేరూ రాయలేదు. ‘మన ఊళ్ళో చల్లబరచడం రాని చేతుల్లో మన బండ్లు’ అన్నాను. ఊళ్ళో షెడ్డు ఒక్కటే అన్నది నిజమే, అది నా తప్పు కాదు. చిత్రమేమిటంటే కాలమ్ పడ్డప్పటి నుంచి బండి బంగారంలా నడుస్తోంది. ముల్లు సగం దాటలేదు, ఏసీకి మోకాళ్ళు గడ్డకడుతున్నాయి. నా కలానికి యంత్రాలు కూడా భయపడతాయని ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఒరెస్ట్


నానైమో
జూలై 13

ఒరెస్ట్,

కాలమ్ చదివాను. ఎనిమిది వందల పదాలు. అందులో డార్సీ మాట ఒక్కటీ లేదు.

జరిగినవి చెబుతాను. నీకు ఇష్టమైనవి అవే కదా. కాలమ్ వచ్చిన వారంలో ముగ్గురు రైతులు తమ ట్రక్కులు యార్క్‌టన్ తీసుకెళ్ళారు. స్కూలు బోర్డు వాళ్ళు నీ కాలమ్ ఫొటోకాపీ తీసి ఫైల్లో పెట్టుకున్నారు. బస్సుల పని డార్సీకి ఉంచాలా, తీసేయాలా అని ఆగస్టు 27న ఓటు వేస్తారు.

ఇక ప్రశ్నలు. ముందు భాగం విప్పుతానంటే నువ్వు వద్దన్న సంగతి కాలమ్‌లో ఎందుకు లేదు? కాలమ్‌కు భయపడి బాగుపడ్డ రేడియేటర్‌ను నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు చూశావు? వాకిట్లో నిలబడి అతను అడిగిన ఆ ఒక్క మాట ఏమిటి?

నాన్న పద్ధతి ఏమిటి? ఇది మూడోసారి.

గెయిల్


వాసిల్కో
జూలై 21

గెయిల్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాలుగో ప్రశ్న దగ్గర ఆగాను.

నాన్న పద్ధతి రేడియేటర్‌కు అడ్డంగా అట్ట పెట్టడం. మా పొలంలో ప్రతి నవంబరులోనూ ట్రక్కుకు పెట్టేవాడు. చల్లగాలి తగలకపోతే ఇంజన్ వెచ్చగా ఉంటుంది. ఈ దేశంలో అది తెలియనివాడు లేడు. అంత ఖరీదైన బండికి అట్టముక్క పెట్టానంటే నవ్వుతావని చెప్పలేదు. బంపర్ విప్పకుండానే, పైన ఉన్న ప్లాస్టిక్ మూత తీసి సన్న సందులోంచి లోతుగా దించాను. తడవకుండా దానికి రెండు వైపులా టేపు కూడా చుట్టాను. అప్పుడు నా చేతిపని చూసి నేనే ముచ్చటపడ్డాను. మళ్ళీ తీసిన గుర్తు లేదు.

నాన్న మార్చిలో తీసేవాడు. పద్ధతిలో అది రెండో సగం. నేను మొదటి సగమే నేర్చుకున్నాను.

టార్చి తీసుకుని వెళ్ళి ఆ మూత ఎత్తి చూశాను. అట్ట లేదు.

కాబట్టి నిర్ధారణ అయినవి ఇవి. జనవరిలో నేను పెట్టాను. నేను తియ్యలేదు. ఇప్పుడు అక్కడ లేదు. నేను కాక ఆ ముందు భాగం తెరిచే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే. ఊరేగింపు రోజు బండి అతని దగ్గరుంది. మర్నాటి నుంచి ముల్లు దిగింది. నేను ఏ మాట వినకుండా తలుపు వేశానో ఇప్పుడు తెలుసు.

ఇంకొకటి చెప్పాలి. ఆ అట్ట ఏ పెట్టెదో గుర్తొచ్చింది. పేపర్ ఆఫీసులో ఆఖరి రోజున డెస్కు సామాను తెచ్చుకున్న పెట్టె. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో, పెద్ద అక్షరాల్లో, నా పేరు రాసుకున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడి కథ విన్నాను గాని, పిల్ల మెడలో తన చిరునామా కట్టి మరీ వెతికినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

కాలమ్ పడి పద్దెనిమిది రోజులైనా డార్సీ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. దాచకుండా రాస్తున్నాను, పొద్దున ఆ ఆలోచన వచ్చింది, కాఫీ అయ్యేదాకా ఉంది. డార్సీ ఎందుకు ఊరుకున్నాడో మాత్రం అర్థం కావడం లేదు. నీకు తెలిస్తే చెప్పు.

ఒరెస్ట్


నానైమో
జూలై 29

ఒరెస్టూ,

తెలుసు. ఊరుకోమన్నది నేనే.

ఊరేగింపు రోజు సాయంత్రమే డార్సీ నాకు ఫొటో పంపాడు. నీ పేరు చక్కగా కనిపిస్తోంది, టేపు వల్ల ఒక్క అక్షరం చెరగలేదు. మర్నాడు నీకు చాటుగా చెబుదామని వచ్చాడు. పెద్దాయన నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకు అన్నాడు. అట్ట అప్పుడు నీ వాకిట్లోనే, అతని చంకలో ఉంది. నువ్వు తలుపు వేశావు.

కాలమ్ పడ్డాక, “దీన్ని షెడ్డు తలుపుకు మేకు కొట్టి తగిలించనా అక్కా?” అని మెసేజ్ పెట్టాడు. వద్దన్నాను. “తప్పు తెలిస్తే ఒరెస్ట్ తానే రాస్తాడు. నువ్వు చెబితే జనం సగమే నమ్ముతారు, అతను రాస్తే మొత్తం నమ్ముతారు. ఆగు” అన్నాను. ఈలోగా ముగ్గురు రైతులు పోయారు. వేరేవాడి బతుకును పణంగా పెట్టి నీ నిజాయితీ మీద పందెం కాశాను. అది నేను చెయ్యాల్సిన పని కాదు. ఆ మాట డార్సీకి కూడా రాశాను.

ఇప్పుడు పని నీది. ఒక్క షరతు. నీ పేపర్లో దిద్దుబాట్లు ఎప్పుడూ పదకొండో పేజీలో, పందుల వేలం ప్రకటన కింద పడేవి. ఇది అక్కడ పడడానికి వీల్లేదు.

గెయిల్


వాసిల్కో
నవంబరు 16

గెయిల్,

ఆగస్టు 14న మొదటి పేజీలో, ఎడమవైపు పైన వేయించాను. ఎడిటరమ్మాయి మొదట ఒప్పుకోలేదు. “సార్, అక్కడ వడగళ్ళ నష్టం వెయ్యాలి” అంది. ఇదీ నష్టమే అన్నాను. ముక్క అప్పుడే పంపాను గాని నీ జవాబులో దాని మాట లేదు కాబట్టి తపాలా మింగిందేమోనని మళ్ళీ రాస్తున్నాను.

‘జూలై 3న ఈ పేపర్లో నేను రాసిన కాలమ్ తప్పు. నా కారు వేడెక్కడానికి కారణం రేడియేటర్ ముందున్న అట్ట. జనవరిలో దాన్ని పెట్టింది నేను. మార్చిలో తియ్యనిది నేను. ముందు భాగం విప్పి చూస్తానని డార్సీ లఫాండ్ మేలో అడిగితే వద్దన్నది నేను. ఊరేగింపు రోజు దాన్ని కనిపెట్టి తీసినవాడు ఆయన. మర్నాడు చెప్పడానికి వస్తే నేను వినలేదు. అట్ట మీద నా పేరు ఉంది. చూడదలచినవారికి ఆయన షెడ్డులో ఉంటుంది.’

ఆఖరి వాక్యానికి డార్సీ అనుమతి ముందే అడిగాను. పేపరు రావడానికి వారం ముందు షెడ్డుకు వెళ్ళాను. అతను ఒక ట్రక్కు కింద ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కాళ్ళకు క్షమాపణ చెప్పడం తేలికే, కానీ ఆగాను. బయటికొచ్చాక చెప్పాను.

చేతులు తుడుచుకుంటూ విన్నాడు. “టేపు బాగా చుట్టారండి” అన్నాడు. గుడ్డ పక్కన పడేసి, “మీరు తలుపు వేసినప్పుడు కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి” అన్నాడు. రావాల్సిందేనన్నాను.

పేపరు వచ్చిన రోజు నుంచి జనం అట్ట చూడడానికి షెడ్డుకు బారులు కట్టారు. వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని ఆయిల్ మార్పించుకున్నారు. అసలు విశేషం అది కాదు. పదకొండు మంది నిశ్శబ్దంగా తమ బండ్ల ముందు భాగం చూపించుకున్నారు. నాలుగు అట్టలు బయటపడ్డాయి. ఒకటి స్కూలు బోర్డు అధ్యక్షుడిది. మూడేళ్ళ కిందటిది, పైన మా పేపర్ పాత సంచిక కూడా అంటుకుని ఉంది. ఆగస్టు 27న డార్సీకి నాలుగు ఓట్లు, వ్యతిరేకంగా మూడు. బస్సులు డార్సీ దగ్గరే ఉన్నాయి. ట్రక్కులు తీసుకెళ్ళిన ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు. మూడోవాడు ఇంకా రాలేదు. అది నా ఖాతాలో ఉంది. ఆదివారాలు చర్చి బయట పట్టుకుని మాట్లాడుతున్నాను.

నిన్న చలికాలానికి సిద్ధం చేయించడానికి బండి ఇచ్చాను. మైనస్ పద్దెనిమిది. డార్సీ కౌంటరు మీద కొత్త కాగితం పెట్టాడు. ఊళ్ళో ప్రతి బండికీ ఇప్పుడు ఇదే. ‘యజమాని సొంతంగా చేసినవి’ అని ఒక గీత, కింద ఖాళీ. నా వంతు వచ్చింది. అందరూ చూస్తున్నారు. ఏమీ లేదు అని రాయబోయి ఆగాను. వైపరు బ్లేడు నేనే మార్చాను, కుడివైపుది ఎడమకు పెట్టి ఉంటాను. అద్దాలు కడిగే నీళ్ళలో వేసవిలో వాడే ద్రవం కలిపి పోశాను, అది ఈపాటికి గడ్డకట్టి ఉంటుంది. సీటు కింద బ్యాటరీని ఒకసారి ముట్టుకున్నాను. మూడూ రాసి సంతకం పెట్టాను.

డార్సీ చదివాడు.

“బ్యాటరీని ఎందుకు ముట్టుకున్నారండి?”

“అక్కడుందో లేదో చూద్దామని.”

“ఉందా?”

“ఉంది.”

నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందుకొచ్చి ఆగాడు.

“ఒరెస్ట్ గారూ, ముందు భాగం విప్పి ఒకసారి చూడనా? సగం రోజు పడుతుంది.”

విప్పమన్నాను. షెడ్డులో మూలనున్న కుర్చీలో, గోడకు తగిలించిన అట్ట మీది నా పేరు కింద, సగం రోజు కూర్చున్నాను. ఆ సీటు వేడెక్కదు.

ఒరెస్ట్